రీమ్స్ సీసాలోని తైలం

ఐరోపా పట్టాభిషేకాల చరిత్ర చదివినప్పుడల్లా నా ఆసక్తి కిరీటాల మీద కన్నా అభిషేక తైలం మీదే నిలుస్తుంది. రాజ్యంపై హక్కు ఎంత బలహీనమైతే ఆ తైలానికి అంత గొప్ప మహిమను అంటగట్టారని నాకు అనిపిస్తుంది.

వీటిలో అత్యంత ప్రసిద్ధమైనది ఫ్రాన్సులోని రీమ్స్ నగరంలో భద్రపరచిన చిన్న గాజు సీసా. ఫ్రాంకుల రాజు క్లోవిస్ బిషప్ రెమీ చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందిన వేళ, ఒక తెల్ల పావురం ఆ సీసాను ముక్కున కరచుకుని ఆకాశం నుంచి దిగి వచ్చిందని కథ. క్లోవిస్ 5వ, 6వ శతాబ్దాల సంధికాలపు రాజు కాగా, ఈ కథకు ప్రాచుర్యం కల్పించినవాడు 9వ శతాబ్దపు రీమ్స్ ఆర్చిబిషప్ హింక్మార్. 869లో పశ్చిమ ఫ్రాంకుల రాజు చార్లెస్ ది బాల్డ్, మరణించిన తన అన్న కొడుకు రాజ్యాన్ని, ఆ చనిపోయినవాడికి తోడబుట్టిన అన్న బతికి ఉండగానే కైవసం చేసుకుని మెట్స్‌లో పట్టాభిషేకం జరిపించుకున్నప్పుడు, స్వర్గం పంపిన ఆ తైలం ఇంకా తమ వద్ద ఉన్నదని హింక్మార్ ప్రకటించాడు. వారసత్వం సమాధానం చెప్పలేని ప్రశ్నకు పావురం సమాధానం చెప్పిందన్నమాట.

తరువాతి శతాబ్దాల్లో ఈ సీసా సెయింట్ రెమీ మఠం అధీనంలో ఉండేది. పట్టాభిషేకం నాడు మఠాధిపతి దానిని ఊరేగింపుగా తెస్తే, క్షేమంగా తిరిగి అప్పగిస్తామని ప్రమాణం చేసి నలుగురు ప్రభువులు జామీనుగా నిలిచేవారు. లోపల గడ్డకట్టిన పదార్థాన్ని ఆర్చిబిషప్ బంగారు సూదితో రవ్వంత తీసి, మామూలు అభిషేక తైలంలో కలిపేవాడు.

ఇంగ్లండు రాజులకు ఇది కంటగింపు అయింది. ప్రవాసంలో ఉన్న కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌కు కన్య మరియ స్వయంగా తైలం ఇచ్చిందనే కథ అక్కడా పుట్టింది. ప్రభువులతో తగవుల్లో చిక్కుకున్న రెండవ ఎడ్వర్డ్, ఆ తైలంతో మళ్ళీ అభిషేకం జరిపించుకోవచ్చునా అని 1318లో పోప్ 22వ జాన్‌ను అడిగితే, చేసుకుంటే గుట్టుగా చేసుకొమ్మని సమాధానం వచ్చింది. చివరకు దానిని బాహాటంగా వాడుకున్నవాడు 1399లో రెండవ రిచర్డ్‌ను గద్దె దింపిన నాలుగవ హెన్రీ. అంతకన్నా అవసరం ఎవరికుంటుంది?

1793 అక్టోబరు 7న ఫ్రెంచి విప్లవ ప్రభుత్వ ప్రతినిధి ఫిలిప్ రూల్ రీమ్స్ సీసాను నడి కూడలిలో 15వ లూయీ విగ్రహ పీఠం మీద పగలగొట్టాడు. అయినా కొంత పదార్థాన్ని భక్తులు ముందే దాచారని చెప్పి, 1825లో ఫ్రాన్సు రాజు పదవ చార్లెస్‌కు దానితోనే అభిషేకం చేశారు. అయిదేళ్లకు మరో విప్లవం అతడిని సింహాసనం నుంచి దించింది.

2023లో బ్రిటన్ రాజు మూడవ చార్లెస్ కోసం వాడిన తైలం తీరు వేరు. ఒలీవల కొండపైని తోటల కాయల నుంచి తీసిన నూనెకు నువ్వులు, గులాబీ, మల్లె, దాల్చినచెక్క వంటి పరిమళాలు చేర్చి, జెరూసలేంలోని పవిత్ర సమాధి చర్చిలో ప్రతిష్ఠించారు. ఈ వివరాలన్నీ ముందే ప్రకటించారు. హక్కు విషయంలో తగాదా లేదు కనుక పావురం అవసరం కలగలేదు. అభిషేక ఘట్టాన్ని మాత్రం తెరల చాటున, కెమెరాల కంట పడకుండా జరిపించారు.