లాంగ్‌షాలో నాన్న కనిపెట్టిన గొర్రె

ఇంగ్లండ్‌లోని లాంగ్‌షాలో జరిగే మందకుక్కల పోటీలకు మొదటిసారి వెళ్ళినప్పుడు నేను కుక్కనే చూశాను. కొత్తగా వచ్చినవాళ్ళందరూ అదే చేస్తారు. నలుపు తెలుపు బొచ్చుతో, పొట్ట నేలకు ఆనేంత వంగి, కొండవాలు మీద ఆ కుక్క పరుగు తీస్తుంటే కళ్ళు తిప్పుకోలేం. ఆ రోజు నా ఫోనులో ఉన్న ఫోటోలన్నీ కుక్కవే. పక్కన మడత కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటూ, "కుక్కను చూస్తే ఏమీ తెలియదు. గొర్రెల తలలు చూడు" అన్నారు. జీవితమంతా గొర్రెల మధ్య గడిపిన మనిషి అని ఆవిడ చేతులు చూస్తే తెలుస్తోంది.

అప్పటి నుంచి నాలుగేళ్ళుగా ప్రతి సెప్టెంబరులో ఒక రోజు సెలవు దాచుకుని లాంగ్‌షా వెళ్తున్నాను. నేను పనిచేసేది షెఫీల్డ్‌లో, ఆసుపత్రి నర్సుగా. షెఫీల్డ్‌లో రైలెక్కితే కాసేపటికే టోట్లీ సొరంగం వస్తుంది. ఐదున్నర కిలోమీటర్లకు పైగా చీకటే. చీకటి విడిచిన మరుక్షణం గ్రిండిల్‌ఫర్డ్ స్టేషన్. అక్కడ దిగి ప్యాడ్లీ లోయలో ఓక్ చెట్ల కింద, వాగు పక్కనే పైకి నడిచి వెళ్తే లాంగ్‌షా మైదానం. చుట్టూ రాతి గోడలు, వాటికి పైన ఊదారంగు హీదర్ పొదల బీడు. మందకుక్కల పోటీలు ఇక్కడ 1898లో మొదలయ్యాయి.

పోటీ చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. కాపరి మైదానం కింది చివర ఒక గుంజ దగ్గర నిలబడతాడు. ఎక్కడో మూడు నాలుగు వందల గజాల అవతల నాలుగైదు గొర్రెలను వదులుతారు. కుక్క వెళ్ళి వాటిని తేవాలి. తిన్నగా వాటి మీదకు పోకూడదు, సొరకాయ ఆకారంలో విశాలంగా చుట్టి వెనక్కి చేరాలి. అక్కడి నుంచి గొర్రెలను వరుసగా రెండు గేట్ల మధ్య గుండా కాపరి దగ్గరికి తోలుకురావాలి. తర్వాత అతని దగ్గర నుంచి దూరంగా తోలుకుపోయి, ఇంకో రెండు జతల గేట్లు దాటించి, త్రికోణంలా తిప్పి తేవాలి. ఆ తర్వాత మందలోంచి కొన్నిటిని విడదీయాలి, చివరికి దొడ్డిలో పెట్టాలి. చాలాచోట్ల మొత్తం 100 మార్కులు. చుట్టి వెళ్ళడానికి 20, కదిలించడానికి 10, తేవడానికి 20, దూరం తోలడానికి 30, విడదీయడానికి 10, దొడ్డికి 10. న్యాయనిర్ణేత మార్కులు వేయడు, ఉన్నవి తీసేస్తూ పోతాడు. గొర్రెలు గీతలోంచి పక్కకు తొలగితే పోతాయి, గేటు బయటినుంచి వెళ్తే పోతాయి, ఉరికితే పోతాయి. పెద్దావిడ చెప్పింది నిజమని ఆ లెక్క చూశాకే నాకు అర్థమైంది. కుక్క ఎంత అందంగా పరిగెత్తినా న్యాయనిర్ణేత పుస్తకంలోకి ఎక్కేది గొర్రెల నడకే.

వీటన్నిటిలో నాకు ప్రాణమైనది ఆ పది మార్కుల ఘట్టం. కదిలించడం. ఇక్కడివాళ్ళు లిఫ్ట్ అంటారు. అంత దూరం పరుగెత్తి వచ్చిన కుక్క గొర్రెల వెనక్కి చేరగానే ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. గొర్రెలు తలెత్తి చూస్తాయి. గడ్డి నములుతున్న నోళ్ళు ఆగిపోతాయి. కుక్క ఒక అడుగు వేస్తుంది, ఆగుతుంది. ముందరి కాలు ఒకటి గాలిలోనే ఉండిపోతుంది. కళ్ళు మాత్రం వాటి మీదే. మొరగదు, కరవదు, ఆ చూపే దాని పనిముట్టు. ఆ రెండు మూడు క్షణాల్లో గొర్రెలు ఈ కుక్క ఎలాంటిదో తేల్చుకుంటాయి. భయపెట్టేదైతే చెదిరిపోతాయి, జంకేదైతే ఎదురు తిరుగుతాయి. నమ్మదగ్గదని తోస్తే ముందున్న గొర్రె మెల్లగా మెడ తిప్పుకుని నడక మొదలుపెడుతుంది, మిగతావి దాని వెంట. బాగా జరిగితే జరిగినట్టే తెలియదు. మైదానంలో వందల మంది ఉన్నా ఆ క్షణంలో చప్పట్లు కొట్టేవాళ్ళు ఉండరు, ఊపిరి బిగబట్టి చూస్తారు. ఫోనుల్లో తిరిగే వీడియోల్లో పాట పెట్టి, కుక్క పరుగును వేగం పెంచి చూపిస్తారే, వాటిలో ఈ ముక్కను కత్తిరించేస్తారు. నాకు చాలా బాధగా ఉంటుంది.

మాది పాలమూరు వైపు కురుమల కుటుంబం. తాతయ్యకు నల్ల గొర్రెలు, దక్కనీ జాతివి, నూట ఇరవై దాకా ఉండేవి. వాటి ఉన్నితో నేసిన గొంగడి ఎండాకాలంలో కూడా ఆయన భుజం దిగేది కాదు. వానలు తగ్గాక మందతో కృష్ణ ఒడ్డు వైపు వెళ్ళిపోయేవారు. కోతలైన పొలాల్లో రాత్రిపూట మంద నిలిపితే ఎరువవుతుందని రైతులు గింజలిచ్చేవారు. మందతో పాటు రెండు కుక్కలు. అయితే ఆ కుక్కలు ఏనాడూ గొర్రెలను తోలలేదు. పగలు చెట్టుకింద పడుకునేవి, రాత్రయితే మంద చుట్టూ తిరిగేవి. వాటి పని తోడేళ్ళను, దొంగలను రానివ్వకపోవడం. తోలేది మనిషే. ముందు ఒకరు నాలుకతో చప్పుడు చేస్తూ నడిస్తే వెనక ఒకరు కర్రతో.

ఈ తేడా ఎందుకా అని చాలాకాలం ఆలోచించాను. ఇంగ్లండ్‌లో తోడేళ్ళు శతాబ్దాల కిందటే అంతరించాయి. కాబట్టి గొర్రెలను కొండల మీద కాపలా లేకుండా వదిలేయవచ్చు. అలా వదిలేసినవాటిని ఏడాదికి నాలుగైదుసార్లు, ఉన్ని కత్తిరింపుకో, మందులకో, ఈనడానికో కిందికి దించాలి. ఆ ఎత్తుల్లో ఒక్క మనిషి ఆ పని చేయలేడు, కుక్క ఉంటేనే సాగుతుంది. మా తాతయ్య మందను ఒక్క పూట కూడా విడిచి ఉండలేదు, అందుకే ఆయనకు పోగుచేసే కుక్కతో అవసరం పడలేదు. తోడేలు ఉన్నచోట కాపలా కుక్క, లేనిచోట తోలే కుక్క. ఇంకో సంగతి, ఈ తోలే కుక్కలో కూడా తోడేలే ఉంది. చుట్టుముట్టడం, వంగి నడవడం, చూపుతో నిలబెట్టడం, ఇవన్నీ వేటాడే జంతువు పనులు. తరతరాలుగా ఎంపిక చేస్తూ చివరి అడుగును, అంటే పట్టి చంపడాన్ని, మనుషులు దానిలోంచి తీసేశారు. గొర్రెకు మాత్రం ఆ మొదటి అడుగులు ఇంకా గుర్తే.

ఈ జాతిని బోర్డర్ కాలీ అంటారు. వీటిలో చాలావాటి వంశం ఓల్డ్ హెంప్ అనే ఒకే మగకుక్క దగ్గరికి చేరుతుంది. 1893లో నార్తంబర్లండ్‌లో ఆడమ్ టెల్ఫర్ దగ్గర పుట్టింది. తండ్రి రాయ్ కలుపుగోలుది, తల్లి మెగ్ బిడియం ఎక్కువ, చూపు గట్టిది. ఆ రెండూ హెంప్‌లో సరైన పాళ్ళలో కలిశాయి. అరుపులు, గదమాయింపులు లేకుండా నిశ్శబ్దంగా పనిచేసేది కాబట్టి గొర్రెలు దానికి తేలిగ్గా లొంగేవట. పోటీలు అంతకన్నా పాతవి. బ్రిటన్‌లో మొదటి పోటీ 1873 అక్టోబరు 9న వేల్స్‌లోని బాలా దగ్గర జరిగింది. సొంతగడ్డ మీద వేల్స్‌వాళ్ళను కాదని గెలిచింది ఒక స్కాట్లండ్ మనిషి, జేమ్స్ థామ్సన్. కుక్క పేరు ట్వీడ్. పేర్లన్నీ అంతే, రాయ్, మెగ్, నెల్, మాస్, గ్లెన్. గాలికి ఎదురుగా నిలబడి కొండ అవతలికి పిలవాలంటే ఒక్క అక్షరంలో అయిపోవాలి కదా.

నాలుగు దేశాలు తలపడే పెద్ద పోటీలో చివరి రోజు ఒక పరీక్ష ఉంటుంది. నేరుగా చూడలేదు, టీవీలోనే చూశాను. గొర్రెలు ఇరవై, పదేసి చొప్పున రెండు గుంపులు, మైదానంలో రెండు వైపుల. కుక్క మొదటి గుంపును తెచ్చి మధ్యలో ఆపుతుంది. అప్పుడు కాపరి, వెనక్కి చూడు, అని సైగ ఇస్తాడు. కళ్ళెదుట పది గొర్రెలున్నాయి, వాటిని వదిలి, తనకు కనబడని పదింటి కోసం కుక్క వెనుదిరగాలి. చిన్న వయసు కుక్కలు అక్కడ తడబడతాయి. నిలబడి గొర్రెలనూ కాపరినీ మార్చి మార్చి చూస్తాయి. అటు ఏమీ లేదని కళ్ళు చెబుతున్నా, ఉన్నాయని అతను చెబుతున్నాడు కాబట్టి వెళ్ళాలి. వెనుదిరిగి పరుగు అందుకున్న కుక్కను చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

నిరుడు లాంగ్‌షా వెళ్ళినప్పుడు నాన్నకు వీడియో ఫోను చేశాను. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండు, అక్కడ సాయంత్రం నాలుగున్నర. మంద అమ్మేసేనాటికి నేను పదో తరగతి. బీడు భూములన్నీ బోరు నీళ్ళతో సాగులోకి వచ్చేశాయి, మేపడానికి చోటు మిగల్లేదు. ఆ తర్వాత నాన్న గొర్రెల ఊసెత్తడం నేను వినలేదు. ఇప్పుడు తెర మీద ఆయన ముఖం మరీ దగ్గరగా, నుదురు ఒక్కటే కనిపిస్తోంది.

"అంత దూరం నుంచి ఈల వినబడుతుందా బిడ్డా?"

"వినబడుతుంది నాన్నా. పళ్ళ వెనక చిన్న రేకు ముక్క పెట్టుకుని ఊదుతారు. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి, ఆగమని ఒకటి."

మైదానంలో ఉన్నది డెబ్బై దాటిన కాపరి, కుక్క పేరు నెల్. నాలుగు గొర్రెలు కిందికి నడుచుకుంటూ వస్తున్నాయి. నాకు అంతా సవ్యంగానే కనిపించింది. గీత తప్పలేదు, గేటు మధ్యలోంచే వచ్చాయి. నాన్న ఫోను కళ్ళకు ఇంకా దగ్గరగా పెట్టుకున్నారు.

"ఆ ముఖం మీద నల్ల మచ్చ ఉన్నది చూడు. మూడుసార్లు ఆగి వెనక్కి తిరిగింది. అది దొడ్డిలోకి పోదు."

దొడ్డి అంటే చెక్క పలకలతో కట్టిన చిన్న గది లాంటిది, తొమ్మిది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. గేటుకు ఆరడుగుల తాడు. కాపరి ఆ తాడు కొస పట్టుకున్నాక గొర్రెలన్నీ లోపలికి పోయేదాకా వదలకూడదు, గొర్రెలను ముట్టుకోకూడదు. ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో చాచిన కర్ర, ఆ పక్కన తెరిచిన గేటు, ఇటు పక్కన కుక్క. గొర్రెలు దొడ్డి నోటి దాకా వచ్చి నిలిచాయి. మూడు లోపలికి తలపెట్టాయి. మచ్చది ఇటు తిరిగింది. నెల్ వైపు చూస్తూ ముందరి కాలితో నేలను కొట్టింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. నెల్ కదల్లేదు. దాని చెవి కొస మాత్రం వణుకుతోంది.

"ఇప్పుడు తొందరపెట్టకూడదు" అన్నారు నాన్న, గొంతు తగ్గించి, ఆ గొర్రెకు వినబడుతుందేమో అన్నట్టు. "దాన్ని ఊపిరి తీసుకోనివ్వాలి. వాటితో కలిసి లోపలికి పోవడం దాని ఆలోచనే అనిపించాలి."

కాపరికీ అది తెలుసు. కానీ ఆయన వెనక గడియారం నడుస్తోంది. ఒక్క అరడుగు, అంతే, కర్ర ముందుకు జరిగింది. నెల్ కూడా అరడుగు వేసింది. మచ్చ గొర్రె రెండింటికీ మధ్య సందు చూసుకుని గేటు కొస మీదుగా దూకేసింది. లోపలికి తలపెట్టిన మూడూ దాని వెంటే. దొడ్డి చుట్టూ ఒక చక్కరు తిరిగేలోపు సమయం అయిపోయింది. కాపరి తాడు వదిలి, టోపీ అంచు ముట్టుకుని న్యాయనిర్ణేతకు తల వంచారు. "ఇక చాలు" అని కుక్కకు మెత్తగా చెప్పారు. నెల్ వచ్చి ఆయన మోకాలికి తల ఆనించింది. పోటీ అయ్యాక వాటికి తినడానికి ఏమీ పెట్టరు. ఆ మాట చాలు వాటికి.

తాతయ్య కుక్కలు అలా తల ఆనించేవా అని అడుగుదామనుకున్నాను. నాన్న కళ్ళు మైదానం మీదే ఉన్నాయి.

"ఆ మచ్చదాన్ని ఎటు తీసుకెళ్ళారు?"

"పక్క దొడ్డిలోకి నాన్నా. పోటీ అయినవన్నీ అక్కడే ఉంటాయి."

"నీళ్ళున్నాయా?"

గోడ వెంబడి నడిచి, ఫోను రాళ్ళ మీదుగా పైకెత్తి చూపించాను. తొట్టి ఉంది. నిండుగానే ఉంది. మచ్చ గొర్రె తాగడం లేదు, మిగతావాటి మధ్యలోకి దూరి, పక్కలు ఎగసిపడుతుంటే నిలబడి ఉంది.

"ఇప్పుడు తాగదు" అన్నారు నాన్న. "ఫోను పెట్టేయకు. కాసేపు చూద్దాం."