బదిలీకి ముందు ఏ కోర్సులు తీసుకోవాలి: మా ఇంటి లెక్క

2025 ఫాల్‌లో (సెప్టెంబరు ప్రాంతంలో మొదలయ్యే టర్ములో) మా అమ్మాయి కాలిఫోర్నియా బే ఏరియాలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీలో మొదటి రెండేళ్ల చదువు చెప్పే కాలేజీలో) చేరింది. రెండేళ్లు ఇక్కడ చదివి, మూడో ఏడాదికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో (యూసీలో) కంప్యూటర్ సైన్సుకు బదిలీ కావాలన్నది ఆలోచన. మన పాలిటెక్నిక్ పిల్లలు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరినట్టే కదా అని నేను తేలిగ్గా తీసుకున్నాను. అయితే మన దగ్గర సిలబస్ ఎవరో నిర్ణయించి చేతికిస్తారు. ఇక్కడ ఏ కోర్సు ఎప్పుడు చదవాలో విద్యార్థే ఏరుకోవాలి.

మొదటి క్వార్టర్‌లోనే (ఇంచుమించు మూడు నెలల టర్ము) తప్పు చేశాము. సులువని ఎవరో చెబితే బిజినెస్ కాలిక్యులస్ తీసుకుంది. ఆ కోర్సు యూసీకి బదిలీ అవుతుంది, యూనిట్లూ లెక్కలోకి వస్తాయి, కానీ కంప్యూటర్ సైన్సు విభాగం అడిగేది ఇంజనీరింగ్ వాళ్లు చదివే కాలిక్యులస్. బదిలీ అయ్యే కోర్సు వేరు, మేజర్‌కు, అంటే ఎంచుకున్న ప్రధాన విషయానికి, పనికొచ్చే కోర్సు వేరు అని అప్పుడు తెలిసింది.

ఆ తరువాత ఒక ఆదివారం ఏ కాలేజీ కోర్సు యూసీలో దేనికి సమానమో చూపే అసిస్ట్ వెబ్‌సైటు నుంచి మూడు యూసీ క్యాంపస్‌ల పట్టికలు ప్రింటు తీసి భోజనాల బల్ల మీద పరిచాము. ఎడమవైపు ఆ క్యాంపస్ కోర్సు, కుడివైపు దానికి సమానమైన మా కాలేజీ కోర్సు. కొన్ని చోట్ల కుడివైపు ‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’ అని ఉంటుంది. అంటే ఇక్కడ దానికి సమానమైనది లేదన్నమాట. మరికొన్ని చోట్ల రెండు కోర్సుల మధ్య ‘అండ్’ ఉంటుంది. యూసీ క్యాంపస్‌లలో బర్క్‌లీది సెమిస్టర్ పద్ధతి, మాది క్వార్టర్ పద్ధతి కాబట్టి అక్కడి ఒక కోర్సుకు ఇక్కడ రెండు చదవవలసి రావచ్చు. ఒకటి చదివి ఆపితే సగం కూడా దక్కదు.

అసలు చిక్కు వరుసలో ఉంది. కాలిక్యులస్ నాలుగు క్వార్టర్లు, అది పూర్తయితేనే లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. 2027 ఫాల్‌లో చేరాలంటే ఇవన్నీ ఆ ఏడాది స్ప్రింగ్‌కే ముగియాలి. వెనక నుంచి లెక్క వేస్తే, పోగొట్టుకున్న క్వార్టరును పూడ్చడానికి సమ్మర్‌లో మూడో కాలిక్యులస్ చదవక తప్పదని తేలింది. ఇండియా ప్రయాణం రద్దయింది. మా అత్తగారికి ఆ సంగతి చెప్పడమే కష్టమైంది.

ముందు జనరల్ ఎడ్యుకేషన్ (మేజర్ ఏదైనా అందరూ చదివే సాధారణ కోర్సులు) అంతా ముగించమని చాలామంది సలహా ఇస్తారు. 2025 ఫాల్ నుంచి ఆ కోర్సుల పట్టికగా ఐజెట్సీ స్థానంలో కాల్-జెట్సీ వచ్చింది. అయితే కంప్యూటర్ సైన్సు వంటి మేజర్లకు ఆ పట్టిక నింపడం కంటే మేజర్ కోర్సులే ముఖ్యమని నా అభిప్రాయం. ఇంగ్లీషు కాంపొజిషన్ రెండూ, ఒక గణితం, మరో నాలుగు కోర్సులు యూసీకి ఎలాగూ కావాలి కాబట్టి వాటిని క్వార్టర్‌కు ఒకటి చొప్పున మధ్యలో ఇరికిస్తున్నాము.

బదిలీ విద్యార్థులకు ముందే ప్రవేశ హామీ ఇచ్చే ‘ట్యాగ్’ ఒప్పందం ఆరు యూసీ క్యాంపస్‌లలోనే ఉంది. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగోలలో లేదు. ఉన్నచోట కూడా కొన్ని మేజర్లకు వర్తించదు. దానికి సెప్టెంబరులోనే దరఖాస్తు చేయాలి, అదీ ఒక్క క్యాంపస్‌కే.

మూడు పట్టికల్లోనూ ఉన్న కోర్సులకు పసుపు రంగు పూసి ముందు వాటినే తీసుకుంటున్నాము. ఒక్క క్యాంపస్ మాత్రమే అడిగేవి రెండు మిగిలాయి. వాటి సంగతి సమ్మర్ మార్కులు చూశాక తేల్చుకుంటానని అమ్మాయి అంటోంది.