ఫిబ్రవరి 28 దాటిపోయింది: మడిగె లీజుతో నా అనుభవం

హనుమకొండలో మాకు చిన్న జిరాక్స్, బైండింగ్ షాపు ఉంది. కాకతీయ యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, థీసిస్‌ల మీదే మా బతుకు. 2018 జూన్ 1న మడిగె (షాపు గది) కిరాయికి తీసుకున్నాం. ఐదేళ్ల లీజు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించిందే. అడ్వాన్స్ లక్ష, కిరాయి 12 వేలతో మొదలై 14 వేలకు వచ్చింది. ఆ లీజు కాగితం, అంటే డీడ్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాను. ఐదేళ్లలో ఒక్కసారి తీసి చదవలేదు. రోజూ ఊరందరి కాగితాలూ నా చేతుల మీదుగా పోతుంటాయి, నా కాగితం మాత్రం నేను చూడలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఓనర్ పెద్దాయన మంచివాడు. 2020 లాక్‌డౌన్‌లో కాలేజీలు మూతపడితే రెండు నెలల కిరాయి వదిలేశాడు. అందుకే 2023 సంక్రాంతికి వాళ్లింటికి పోయినప్పుడు, "ఇంకో ఐదేళ్లు మేమే ఉంటం బాపూ" అన్నాను. "ఉండు బిడ్డా, నిన్నెవరు పొమ్మన్నరు" అన్నాడు. అంతటితో పని అయిపోయిందనుకున్నాను.

మార్చి రెండో వారంలో రిజిస్టర్డ్ పోస్టులో వకీల్ నోటీసు వచ్చింది. మడిగె ఇప్పుడు పెద్దాయన కొడుకు పేరు మీద ఉందట. మే 31తో లీజు అయిపోతుంది, రెన్యూవల్ కోరుతూ గడువులోపల నోటీసు రాలేదు కాబట్టి ఆ రోజు ఖాళీ చేసి తాళాలు అప్పగించాలని రాశారు. ఆ కాగితం చూస్తే కాళ్లు చల్లబడ్డాయి. చుట్టుపక్కల షాపుల వాళ్లు తలా ఒక మాట చెప్పారు. నెల నోటీసు ఇవ్వాలని ఒకరు, మూడు నెలలని ఒకరు, ఇన్నేళ్ల కిరాయిదారును కదిలించలేరని ఇంకొకరు.

కోర్టు దగ్గర మాకు తెలిసిన వకీల్ మేడం ఉంది. ఆమె అడిగిన మొదటి మాట, "డీడ్ తెచ్చినవా?" తొమ్మిదో షరతు దగ్గర వేలు పెట్టి చదవమంది. కిరాయిదారు లీజు కొనసాగించదలిస్తే, గడువు ముగియడానికి మూడు నెలల ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి. అంటే ఫిబ్రవరి 28 నా ఆఖరి రోజు. సంక్రాంతి మాట నోటిమాటే, నా చేతిలో రాత లేదు.

చట్టం చెప్పే నోటీసు సంగతి అప్పుడే అర్థమైంది. ఆస్తి బదిలీ చట్టం 1882లో 106వ సెక్షన్ అది. రాసుకున్న ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, ఇళ్లూ షాపుల లాంటి వాటిని నెలవారీ కిరాయిగా లెక్కేస్తారు, 15 రోజుల నోటీసుతో ఏ పక్షమైనా ముగించవచ్చు. వ్యవసాయానికో, తయారీ పరిశ్రమకో తీసుకుంటే ఏడాది లీజుగా లెక్క, నోటీసు ఆరు నెలలు. మాలాగా తేదీ వేసుకున్న లీజుకు ఇది పట్టదు. తేదీ రాగానే అదే ముగుస్తుంది. ముగియడానికి ఓనర్ ఒక్క రోజు నోటీసు కూడా ఇవ్వనక్కర్లేదు. కొనసాగాలనుకుంటే మాత్రం నోటీసు ఇవ్వాల్సింది నేను. ఇన్నాళ్లూ నేను దీన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నాను.

"రెండు వారాలే కదా ఆలస్యం మేడం" అన్నాను. రెన్యూవల్ హక్కు ఓనర్ ఇచ్చే ప్రత్యేక అవకాశమని, దాని గడువును కోర్టులు గట్టిగానే పట్టుకుంటాయని చెప్పింది. కాల్టెక్స్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆలస్యంగా వచ్చిన నోటీసును ఒప్పుకోలేదట. పైగా మా షరతులో కొత్త కిరాయి 'ఇరుపక్షాల అంగీకారంతో' అని ఉంది. ఎంత పెంచాలో లెక్క లేదు. నోటీసు సమయానికి ఇచ్చినా, కిరాయి దగ్గర పేచీ వస్తే ఆ షరతు నిలబడడం కష్టమేనంది. కిరాయిదారులకు రక్షణ ఇచ్చే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం గురించి అడిగాను. కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 రూపాయలు దాటితే అది వర్తించదు.

నాకు కాస్త ఊపిరినిచ్చిన మాటలు రెండు. లీజు ముగిసినా ఓనర్ తనంతట తాను తాళం పగలగొట్టి సామాను బయట పడేయడానికి లేదు, కోర్టుకు పోవాల్సిందే. అయితే అలా మొండిగా కూర్చుంటే ఆ నెలలకు నష్టపరిహారం మా మీదే పడుతుంది. రెండోది ఆస్తి బదిలీ చట్టంలోనే 116వ సెక్షన్. గడువు అయ్యాక కూడా మేం ఉండి, ఓనర్ కిరాయి తీసుకుంటే, లీజు నెలవారీగా కొనసాగినట్టే. అప్పుడు ఖాళీ చేయించాలంటే 15 రోజుల నోటీసు కావాలి.

కోర్టు మెట్లు ఎక్కాలని నాకు లేదు. లాక్‌డౌన్‌లో ఆదుకున్న ఇల్లది. ఆలస్యమైందని ఒప్పుకుంటూనే, కిరాయి 18 వేలకు పెంచుతామని, లేదంటే ప్రాజెక్టుల సీజన్ అయ్యేదాకా జులై 31 వరకు ఉండనివ్వమని ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. కొడుకు మొదటిది కాదన్నాడు, రెండోది ఒప్పుకున్నాడు. వాళ్ల వకీల్ కాగితం రాయించాడు. ఆ రెండు నెలలకు తీసుకునే డబ్బుతో లీజు కొనసాగినట్టు కాదని, జులై 31న మళ్లీ నోటీసు లేకుండానే అప్పగించాలని. 116 గురించి ముందే విన్నాను కాబట్టి ఆ వాక్యం ఎందుకుందో తెలిసే సంతకం చేశాను. పోయే రోజున కరెంటు బిల్లు, గోడలు చూపించి, తాళాలిచ్చి, అడ్వాన్స్ లక్షా పూర్తిగా తీసుకున్నాను. అప్పగించినట్టు రెండు కాగితాలు రాసి చెరొకటి ఉంచుకున్నాం.

కొత్త మడిగె రెండు వీధుల అవతల. ఓనరమ్మ వంద రూపాయల స్టాంపు పేపర్ మీద మూడేళ్లకు రాసుకుందామంది. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చేయించకపోతే మూడేళ్లన్న మాట చెల్లదు, నెలవారీ కిరాయి అయిపోతుంది, 15 రోజుల నోటీసుతో ఎవరైనా తెంపేయొచ్చు. రిజిస్ట్రేషన్ తప్పుతుందనుకుని చాలామంది 11 నెలల అగ్రిమెంట్లు రాసుకుంటారు. రెండు మెషిన్లు, కటింగ్ మెషిన్ ఏటా మోసుకుంటూ తిరగలేం. ఖర్చు సగం నేను పెట్టుకుంటానని చెప్పి 2023 ఆగస్టు 1 నుంచి మూడేళ్లకు రిజిస్టర్ చేయించాను.

షరతులు ఈసారి నేనే టైప్ చేశాను. మొదటి ఏడాది ఎవరూ వదలకూడదు. తర్వాత ఎవరు ముగించాలన్నా రెండు నెలల రాత నోటీసు ఇవ్వాలి, లెక్క నోటీసు చేతికందిన రోజు నుంచి. ఆ చివరి మాట కోసం పట్టుబట్టాను. 106వ సెక్షన్లో కూడా లెక్క అందిన రోజు నుంచే. ఉత్తరం మీద వేసిన తేదీతో పనిలేదు, అందుకే అందినట్టు వచ్చే రసీదు పారేయకూడదు. రెన్యూవల్‌కు కిరాయి పెంపు పది శాతం అని అంకె వేశాం. నోటీసు ఇవ్వాల్సింది గడువుకు ఆరు నెలల ముందు నుంచి మూడు నెలల ముందు వరకు, అంటే 2026 ఏప్రిల్ 30 లోపల.

ఫిబ్రవరి మొదటి వారంలోనే రెండు ప్రతులు తీసుకుని ఓనరమ్మ ఇంటికి పోయాను. కళ్లజోడు పెట్టుకుని చదివి, "ఇంకా శానా రోజులున్నయి గద బిడ్డా, నోటితో చెప్తే సాలదా?" అంది.

"సాలదు పెద్దమ్మా. ఈడ తేదీ ఏసి సంతకం పెట్టు" అన్నాను.