"జీఎస్టీ బిల్లుకు మీరైతే ఓటేస్తారా?" అని బోర్డు అడిగితే

గ్రూప్-1, సివిల్స్ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్న మిత్రులకు. మాక్ ఇంటర్వ్యూలో నన్ను అడిగిన ప్రశ్న ఇది: "2016 ఆగస్టులో మీరు రాజ్యసభ సభ్యులు. జీఎస్టీ రాజ్యాంగ సవరణ బిల్లును సమర్థిస్తారా?"

ఈ ప్రశ్న వినగానే జీఎస్టీ లాభనష్టాలు అప్పజెప్పాలనిపిస్తుంది. బోర్డుకు కావాల్సింది అది కాదు. ఆ రోజు ఆ సభ్యుడి చేతిలో ఏముందో చెప్పాలి. జీఎస్టీ వల్ల రాష్ట్రాలు కోల్పోయే ఆదాయానికి ఇచ్చే పరిహారం కోసం 2020లో అప్పులు తేవాల్సి వస్తుందని ఆయనకేం తెలుసు? అందుకే తర్వాతి సంగతులు పక్కన పెట్టి తయారయ్యాను.

ఆ బిల్లు ఎవరికీ పూర్తిగా నచ్చింది కాదు. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లే సరుకుపై వేయాలనుకున్న 1 శాతం అదనపు పన్నును కాంగ్రెస్ అడిగినట్టు తీసేశారు. పన్ను రేటుకు 18 శాతం పరిమితిని రాజ్యాంగంలోనే రాయాలన్న డిమాండ్ మాత్రం నెగ్గలేదు. పరిహారం ఇచ్చే వీలుందన్న పాత బిల్లు, రాష్ట్రాలకు అయిదేళ్లు ఇచ్చి తీరాలన్నట్టుగా మారింది. తమిళనాడు బాధ వేరు. సరుకు తయారయ్యేది అక్కడ, పన్ను వెళ్లేది వాడేవాళ్ల రాష్ట్రానికి. ఆ 1 శాతం పెట్టిందే ఇలాంటి రాష్ట్రాల కోసం. అయినా అన్నాడీఎంకే వ్యతిరేకంగా ఓటేయలేదు, వాకౌట్ చేసింది. ఆగస్టు 3న బిల్లుకు 203 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు.

నా జవాబుకు ఆయువుపట్టు మాత్రం వేరే. ద్రవ్య బిల్లును (పన్నులు, ప్రభుత్వ ఖర్చులకు సంబంధించినది) రాజ్యసభ ఆపలేదు. రాజ్యాంగ సవరణ ద్రవ్య బిల్లు కాదు, కాబట్టి రాజ్యసభ ఒప్పుకోనిదే అది గట్టెక్కదు. బేరమాడే బలం ఆ రోజే ఉంది. రాబోయే జీఎస్టీ చట్టాలను ద్రవ్య బిల్లులుగా తేవద్దని కాంగ్రెస్ సభ్యుడు చిదంబరం సభలో అడిగితే అప్పటి ఆర్థిక మంత్రి జైట్లీ మాట ఇవ్వలేదు. (ఆ బిల్లులు 2017లో ద్రవ్య బిల్లులుగానే వచ్చాయి, కానీ అది తర్వాతి సంగతి.) బేరమాడే అవకాశం మళ్లీ ఉంటుందన్న హామీ లేదు కాబట్టి నేను "ఓటేస్తాను, కానీ పరిహారం హామీ బిల్లులో ఖాయమయ్యాకే" అన్నాను.

వెంటనే ఇంకో ప్రశ్న: "మీ పార్టీ విప్ దానికి వ్యతిరేకంగా ఉంటే?" పార్టీ సమావేశంలో వాదిస్తాను, సభలో విప్ పాటిస్తాను, పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు ఉంది కదా అన్నాను. బోర్డులో ఒక సభ్యుడికి అది నచ్చినట్టు లేదు. "మీరు రాష్ట్ర ప్రతినిధా, పార్టీ ప్రతినిధా?" అని చాలాసేపు లాగారు. దీనికి మీరేమంటారో ముందే అనుకుని వెళ్లండి. 110 (ద్రవ్య బిల్లు), 279ఎ (జీఎస్టీ మండలి), 368 (రాజ్యాంగ సవరణ) అధికరణాలను మాత్రం విడివిడిగా కాకుండా ఒకే కాగితం మీద రాసుకుని చదవండి.