ఎంఎస్‌డబ్ల్యూ ప్రిపరేషన్: ఇంటర్వ్యూలో నన్ను ముంచిన ప్రశ్న

ఎంఎస్‌డబ్ల్యూ అంటే మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్. దాని ఎంట్రన్స్ మొదటి అటెంప్ట్‌లో రాత పరీక్ష బాగానే రాశాను. ఇంటర్వ్యూలో పోయింది. ప్యానెల్‌లో ముగ్గురున్నారు. మొదటి రెండు ప్రశ్నలూ నేను బట్టీ పట్టినవే కాబట్టి గడగడా చెప్పేశాను. మూడోది చివర కూర్చున్న మేడమ్ అడిగారు: "మా దగ్గర వారానికి ఎన్ని రోజులు ఫీల్డ్ వర్క్ ఉంటుందో తెలుసా?" తెలియదు. "పోనీ, మా స్పెషలైజేషన్లలో మీకేది కావాలి? ఎందుకు?" అవి ఎన్ని ఉన్నాయో కూడా నేను చూడలేదు. "పేదలకు సేవ చేయాలని ఉంది మేడమ్" అన్నాను. ఆవిడ కోప్పడలేదు, నవ్వలేదు. నా ఫైల్ మూసి పక్కకు జరిపారు.

సేవ చేయడానికి రెండేళ్ల పీజీ ఎందుకు? ఆవిడ నోటితో అడగలేదు గానీ, ఆ తర్వాత నెల రోజులు నా బుర్రలో తిరిగింది ఇదే.

అప్పటిదాకా నేను యూనివర్సిటీలను ఎంచుకున్న తీరు వింటే నవ్వొస్తుంది. ర్యాంకుల జాబితా తీయడం, పైనుంచి ఐదింటికి అప్లై చేయడం. ఆ ర్యాంకులు ఎక్కువగా యూనివర్సిటీ మొత్తానికి ఇచ్చేవి. సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్ ఎలా నడుస్తుందో ఆ అంకెలో కనిపించదు. రెండోసారి అప్లికేషన్ల జోలికి పోకుండా ముందు సిలబస్‌లు, ఫీల్డ్ వర్క్ మాన్యువల్స్ దించుకుని చదివాను. నా అసలు ప్రిపరేషన్ మొదలైంది అప్పుడే.

ఫీల్డ్ వర్క్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ కోర్సుకు ప్రాణం అదే. ఇది రెండు రకాలు. కాన్కరెంట్ అంటే వారంలో కొన్ని రోజులు క్లాసు, కొన్ని రోజులు ఏజెన్సీ (ఆసుపత్రి, ఎన్‌జీవో లాంటి, మనం పని నేర్చుకునే సంస్థ). బ్లాక్ ప్లేస్‌మెంట్ అంటే కొన్ని వారాలు ఏకబిగిన ఏజెన్సీలోనే. లెక్క దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో సీఎస్‌డబ్ల్యూఈ (సోషల్ వర్క్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉండాలంటే డిగ్రీలో కనీసం 400 గంటలు, మాస్టర్స్‌లో 900 గంటలు ఫీల్డ్‌లో గడపాలి. ఆస్ట్రేలియాలో 1000 గంటలు. ఇంగ్లండ్‌లో 200 రోజులు, అందులో 30 వరకు స్కిల్స్ డేస్ (ప్రాక్టీస్ నైపుణ్యాలు నేర్పే రోజులు). బయటి దేశాల్లో పని చేయాలనుకునేవాళ్లు ఈ గుర్తింపు సంగతి అప్లై చేయకముందే చూసుకోండి. ఇంగ్లండ్‌లో రిజిస్టర్ కాకుండా సోషల్ వర్కర్‌నని చెప్పుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

అయితే గంటలు చూసి మురిసిపోతే మళ్లీ నేను చేసిన తప్పే. ఒక సీనియర్ అక్క తన ఫీల్డ్ వర్క్ రికార్డు చూపించింది, పేర్లన్నీ కొట్టేసి. ఒక హోమ్ విజిట్ గురించి ఎవరు ఏమన్నారో వరసగా రాసిన ప్రాసెస్ రికార్డింగ్ అది. మార్జిన్‌లో సూపర్‌వైజర్ ఎర్ర పెన్నుతో రాశారు: "నువ్వు మాట్లాడింది 26 లైన్లు, ఆమె మాట్లాడింది 4. విజిట్‌కి వెళ్లింది ఎవరి మాట వినడానికి?" ఆ పేజీ చూశాక నేను వెతకాల్సింది ఏమిటో తెలిసింది. రికార్డు చదివేవాళ్లు ఉన్న చోటు కావాలి.

తర్వాత ప్రతి యూనివర్సిటీలో ఒక్క స్టూడెంట్‌నైనా పట్టుకుని అవే అడిగాను. ఒక్కో సూపర్‌వైజర్ కింద ఎంతమంది? ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్ (సూపర్‌వైజర్‌తో ఒక్కరమే కూర్చుని మన పని చర్చించడం) వారం వారం జరుగుతుందా, కాగితం మీదేనా? ఏజెన్సీ డిపార్ట్‌మెంట్ చూపిస్తుందా? ఒక చోట "ఏజెన్సీ మనమే వెతుక్కోవాలి, చివర్లో సంతకం పెడతారు" అన్నారు. పేరున్న చోటే, అయినా లిస్టులోంచి తీసేశాను. స్పెషలైజేషన్ కూడా అంతే. కొన్ని చోట్ల జనరిక్ (విడదీయకుండా అందరికీ ఒకటే), కొన్ని చోట్ల మెడికల్ అండ్ సైకియాట్రిక్, ఫ్యామిలీ అండ్ చైల్డ్ వెల్ఫేర్ అని విడదీస్తారు. నాకు ఆసుపత్రి వైపు ఆసక్తి కాబట్టి ఆసుపత్రుల్లో ప్లేస్‌మెంట్ ఉందా లేదా అన్నదే చూశాను.

ఇక రాత పరీక్ష. చరిత్ర కొంచెమే, కానీ వదలొద్దు: పేదల మధ్యే ఉండి పని చేసిన సెటిల్‌మెంట్ హౌస్‌లు, అంటే లండన్‌లో టాయిన్‌బీ హాల్ 1884, షికాగోలో హల్ హౌస్ 1889, బొంబాయిలో 1936లో సర్ దొరాబ్జీ టాటా స్కూల్, అదే 1944లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. కేస్‌వర్క్ (ఒక్కొక్కరితో పని), గ్రూప్ వర్క్, కమ్యూనిటీ ఆర్గనైజేషన్ ప్రైమరీ మెథడ్స్. వెల్ఫేర్ అడ్మినిస్ట్రేషన్, రీసెర్చ్, సోషల్ యాక్షన్ సెకండరీ. కేస్‌వర్క్ గురించి పెర్ల్‌మన్ అనే రచయిత్రి చెప్పిన నాలుగు 'పీ'లు (పర్సన్, ప్రాబ్లమ్, ప్లేస్, ప్రాసెస్) ఒక్క రోజులో వచ్చేస్తాయి.

నాకు చుక్కలు చూపించింది బీస్టెక్, కేస్‌వర్క్‌లో క్లయింట్‌తో ఎలా మెలగాలో ఏడు సూత్రాలు చెప్పిన ఆయన. ఆ ఏడూ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని, కానీ సిట్యుయేషన్ ప్రశ్న వస్తే తప్పే. ఒక మాక్ టెస్టులో: పెద్దాయన వృద్ధాశ్రమానికి వెళ్లనంటున్నాడు, కొడుకు మాత్రం వెళ్లాలంటున్నాడు, మీరేం చేస్తారు? నేను "నచ్చజెప్పి ఒప్పిస్తాను" పెట్టాను. ఒప్పించడం కొడుకు పని. సెల్ఫ్ డిటర్మినేషన్ అంటే ఉన్న దారులన్నీ ఆయన ముందు పెట్టడం, నిర్ణయం ఆయనకే వదలడం. ప్రాణానికి ముప్పు ఉంటే లెక్క వేరు. అప్పటినుంచి ప్రతి సూత్రాన్నీ ఆ అక్క రికార్డులో ఎక్కడ తప్పిందో వెతుక్కుంటూ చదివాను. బట్టీ అవసరమే రాలేదు.

సేవకూ సోషల్ వర్క్‌కూ తేడా కోసం సోషల్ వర్క్‌కు 2014లో ఇచ్చిన అంతర్జాతీయ నిర్వచనం చదవండి. సామాజిక న్యాయం, మానవ హక్కులు, సమష్టి బాధ్యత, వైవిధ్యాల పట్ల గౌరవం అనే నాలుగూ అందులో ఉన్నాయి.

రెండో ఇంటర్వ్యూలో "మా దగ్గరే ఎందుకు?" అన్నారు. "మీ మాన్యువల్‌లో వారానికో ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్ ఉంది. నేను తప్పులు చేస్తాను, అవి ఎవరైనా చూడాలి" అన్నాను. "హోమ్ విజిట్‌కి వెళ్తే తలుపు తీయలేదు, ఏం చేస్తావు?" మళ్లీ వెళ్తానన్నాను. "మూడోసారీ తీయకపోతే?" ఒక్క క్షణం ఆగి, "మా కాన్ఫరెన్స్‌లో మిమ్మల్నే అడుగుతాను సార్" అన్నాను. నవ్వారు.

రెండు చోట్ల సీటొచ్చింది. ర్యాంకులో కిందున్నదాంట్లో చేరాను, ఇంట్లో ఇంకా సణుగుతూనే ఉన్నారు. ఒక్క జాగ్రత్త: ఒక చోట ఫీజు గడువు రెండో చోట రిజల్ట్ రాకముందే ముగిసిపోవచ్చు. నాకు రెండు రోజులే తేడా వచ్చింది. తేదీలన్నీ ఒకే కాగితం మీద రాసుకుని పెట్టుకోండి.