అన్నయ్యకి ఎన్ని నిమిషాలు?

మాది బరంపురం. ఇక్కడి మా బాస్కెట్‌బాల్ జట్టుకి స్కోరు రాసేది, మ్యాచ్‌లు కుదిర్చేది నేనే. పోయిన చలికాలం టోర్నమెంటుకి 12 మందిని ఎంపిక చేసే పని కూడా నా మీదే పడింది. 11 పేర్లు ఒక్క సాయంత్రంలో తేలిపోయాయి. పన్నెండో పేరు దగ్గర రెండు వారాలు ఆగిపోయాను.

మా పాయింట్ గార్డుకి, అంటే బంతి తెచ్చి ఆట నడిపించేవాడికి, 38 ఏళ్లు. అందరం అన్నయ్య అంటాం. మోకాలికి పట్టీ లేనిదే కోర్టులోకి దిగడు. "అన్నయ్య స్లో అయిపోయాడు బాబాయ్, ఆ చోటు కుర్రాళ్లకి ఇవ్వండి" అన్నారు పిల్లలు. పాత స్కోర్‌షీట్లు తిరగేస్తే మ్యాచ్‌కి నాలుగో ఆరో పాయింట్లు, అంతే.

పాయింట్లు చూసి పాయింట్ గార్డుని తీసేయడానికి నాకు మనసొప్పలేదు. అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో 2004లో పాయింట్ గార్డు స్టీవ్ నాష్ ఫీనిక్స్ జట్టుకి తిరిగొచ్చేనాటికి ఆయనకి 30 ఏళ్లు. ముందు సీజన్‌లో 29 మ్యాచ్‌లే గెలిచిన ఆ జట్టు ఆయనొచ్చాక 62 గెలిచింది. ఇంకో పాయింట్ గార్డు జేసన్ కిడ్ 38 ఏళ్ల వయసులో, 2011లో, డల్లాస్‌తో టైటిల్ అందుకున్నాడు. ఇవి తలుచుకుంటే ధైర్యం వస్తుంది గానీ మా అన్నయ్య లెక్క తేలదు కదా.

అందుకని ఒక నోట్‌బుక్ పెట్టాను. అన్నయ్య కోర్టులో ఉన్నంతసేపు మనం ఎన్ని వేశాం, వాళ్లు ఎన్ని వేశారు అని రాసుకున్నాను. లెక్క బ్రహ్మాండంగా వచ్చింది. సంతోషించాను కూడా. రాత్రి మళ్లీ చూస్తే అర్థమైంది: ఆయన ఎప్పుడూ మా పొడుగు సెంటర్‌తో, మంచి షూటర్‌తో కలిసే ఆడుతున్నాడు. అందులో వాళ్ల వాటా ఎంతో ఎలా తెలుస్తుంది?

ప్రాక్టీసులో జట్లు మార్చేశాను. అన్నయ్యకి బెంచి మీది నలుగురిని ఇచ్చి, మొదటి నలుగురిని కుర్ర గార్డుకి ఇచ్చాను. అప్పుడు కనబడింది అసలు తేడా. కుర్రాడు 8 సెకన్ల గడువులో సగానికే బంతిని అవతలి కోర్టుకి తెచ్చేస్తాడు, కానీ షాట్ వేయాల్సిన 24 సెకన్ల గడువు దగ్గర పడేసరికి ఎవరో ఒకరు కంగారుగా విసిరేస్తారు. అన్నయ్య ఉంటే ఆ కంగారే లేదు. మా జట్టులో సగం ఒడియా పిల్లలు. ఒకడికి "డాహాణ" (కుడికి) అని, ఇంకొకడికి "ఎడమకి రా" అని అరుస్తూ, ఎవరు ఎక్కడ నిలబడితే షాట్ పడుతుందో అక్కడికే పంపి బంతి ఇస్తాడు. చేజారే బంతులు బాగా తగ్గాయి.

డిఫెన్స్ సంగతీ రాశాను, దాచలేదు. వేగంగా వచ్చేవాడు మొదటి అడుగులోనే ఆయన్ని దాటేస్తున్నాడు. అడ్డుకోవడానికి సెంటర్ పరుగెత్తుకొచ్చి ఫౌల్ చేస్తున్నాడు. ఐదు ఫౌల్స్ అయితే వాడు బయటికే. పైగా ఏడు నిమిషాలు ఆగకుండా ఆడితే అన్నయ్యకి ఆయాసం.

చివరికి ఇలా రాసుకున్నాను: జట్టులో ఉంటాడు, ముందు దిగడు. రెండో క్వార్టర్‌లో, నాలుగో క్వార్టర్‌లో చివరి ఆరేసి నిమిషాలు ఆయనవి. డిఫెన్స్‌లో ఎదుటి జట్టులో తక్కువ షాట్లు వేసేవాడిని చూసుకుంటాడు.

ఈ మాట చెప్పడానికి వాళ్లింటికి వెళ్లేటప్పుడు చాలా టెన్షన్ పడ్డాను. పదిహేనేళ్లుగా ముందు దిగేది ఆయనే మరి. నోట్‌బుక్ మొత్తం నింపాదిగా చదివాడు. కాసేపు ఏమీ అనలేదు.

"ఆ కుర్రాడికి ఎడమచేత్తో పాస్ రాదురా తమ్ముడూ. రేపు పొద్దున్న ఆరింటికి గ్రౌండుకి పంపించు" అన్నాడు.