బెయిల్ వచ్చింది, మనిషి మాత్రం రాలేదు

కోర్టు ఆర్డర్‌లో "ఎన్‌లార్జ్‌డ్ ఆన్ బెయిల్" (బెయిల్‌పై విడుదల) అని చూడగానే కోనసీమలో బంధువులు కారు మాట్లాడేస్తారు. తొందరపడకండి. బాండ్, జామీనుదార్లు ఓకే అయ్యాకే విడుదల ఆర్డర్ జైలుకు వెళ్తుంది.

బేరం చెడేది జామీనుదార్ల దగ్గరే. సాధారణంగా ఆధార్, ఫొటోలు, ఇంటిపన్ను రసీదో పట్టాదారు పాసుపుస్తకమో అడుగుతారు. మన డెల్టాలో సగం చేలు కౌలువేనాయె! పది ఎకరాలు చేసే కౌలురైతు పేరున సెంటు ఉండదు. సొంత పొలమున్నా పుస్తకం ఇంకా తాత పేరునే ఉంటుంది. వారసత్వ మ్యుటేషన్ (రికార్డులో వారసుల పేరుకు మార్పు) చేయించని పాపం ఇలా తగులుతుంది.

జామీనుదారు ఇంతకుముందు ఎందరికి జామీను ఉన్నారో బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 486 కింద చెప్పాలి, దాచొద్దు. పూచీ మొత్తం మోయలేనంతైతే 484 కింద సెషన్స్ కోర్టునో హైకోర్టునో తగ్గించమని అడగొచ్చు. ఈ దారి చాలామంది అడగనే అడగరు.